కాటా మీద వదిన

"గట్టిగా ఎక్కు వదినా! కాటా భూమిలోకి దిగబడితే, ఈ కరువులో నీళ్లన్నా పడతాయి," అంటి నేను.

నాగలక్ష్మమ్మ వదిన నగుతా చెనిక్కాయ మూటలు తూచే కాటా ఎక్కింది. పస్తులుండకుండా, బాగా నడిచి, నిదానంగా ఒళ్లు తగ్గించుకోమన్నాడు డాక్టరు. బిరబిరా తగ్గితే ప్రాణానికే ముప్పంట. అందుకే అన్న నెలనెలా తూకమేస్తాండాడు.

"నిదానంగానే తగ్గినావే!" అన్న మురిసిపోయినాడు.

"చెనిక్కాయ మూటల్లో మాదిరి రాళ్లు దాచిందేమో చూడన్నా!"

ఈసారి వదిన నగలేదు. దిగేటప్పుడు ఆమె నడుముకు కట్టుకున్న కొంగు ఒడి జారింది. దబదబా రాళ్లు పడినాయి.

"తిండి మానేసినావా?" అన్న అరిచినాడు.

వదిన నన్ను నీళ్లు తెమ్మనింది. నేను అటు తిరిగినాక అన్నతో గుసగుసగా అనింది నా చెవిన పడనే పడింది.

"మెల్లగా మాట్లాడప్పా. వాడు తినే రెండో సంగటిముద్ద నాదని తెలిస్తే, ఇంక ముట్టడు."