కీబోర్డు వైపు చూడనివాడు

“నేను టైపు చేసేటప్పుడు కీబోర్డు వైపు చూడనండీ. చూస్తే నా వేళ్ళు అలుగుతాయి,” అన్నాడు డంకన్, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

“నిన్న కూడా ఇదే చెప్పావు,” అన్నారు వెదాత్ గారు, చేతిలో పూసల దండ టకటకలాడిస్తూ. “కళ్ళకి గంతలు కట్టినా కొడతానన్నావు. కట్టమంటావా?”

నిన్న డంకన్ నిహాన్‌ను ఇమ్మని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాడు. పిల్లనడగడానికి వచ్చినవాడికి ఈ టర్కీ ఊరు ఇజ్మీర్‌లో పిల్లే కాఫీ కాచి, అందులో ఉప్పో మిరియాల పొడో ఏదో ఒకటి కలిపి ఇస్తుంది. వాడు మొహం మాడ్చకుండా తాగాలి. డంకన్ తాగి ఊరుకోలేదు, ఇంగ్లండులో మా రాణులు కూడా ఇంత మంచి కాఫీ ఎరుగరన్నాడు. ఆ ఊపులోనే టైపింగ్ గొప్ప కూడా చెప్పేశాడు. నిహాన్ తండ్రి వెదాత్ గారిది కోర్టు ఎదురుగా అనువాదాల దుకాణం. “అయితే రేపొచ్చి ఒక ఇంగ్లీషు ఉత్తరం కొట్టి చూపించు. కొడితే ఉద్యోగం, సాయంత్రం ఉంగరాలు. కొట్టలేకపోతే ఎల్లుండి విమానం,” అన్నారాయన.

డంకన్ కీబోర్డు వైపు చూశాడు. కోర్టు గుమాస్తాలు వాడే పాత టర్కీ రకం అది. క్యూ ఉండాల్సిన మూలలో ఎఫ్ కూర్చుంది. ఏ ఉండాల్సిన చోట యు. టోపీ పెట్టుకున్న జి ఒకటి, తోకలు వేలాడేసుకున్న అక్షరాలు రెండు. పి, ఎల్ మాత్రం పాపం ఇల్లు మారలేదు.

“ఏం అల్లుడూ, అటు చూస్తున్నావ్?”

“దుమ్ముందేమోనని.”

నిజానికి డంకన్ రెండే వేళ్ళతో, కోడి గింజలేరినట్టు, వెతికి వెతికి పొడుస్తాడు. అయినా భయమెందుకు? ఎక్కడున్నా అక్షరాలు మీటల మీద రాసే ఉన్నాయి కదా. ఆయన అటు తిరగ్గానే చూసి పొడిచేస్తే సరి.

వెదాత్ గారు అటు తిరిగి బొయోజ్ రొట్టె, ఉడికిన గుడ్డు ముందేసుకున్నారు. డంకన్ డి అని రాసున్న మీట నొక్కాడు. తెర మీద వై పడింది. ఇ నొక్కితే డి పడింది. ఏ నొక్కితే ఎఫ్.

మీట మీద ఒకటి రాసి లోపల ఇంకోటి పెట్టే దేశంలో తను సంసారం ఎలా చెయ్యాలో అతనికి అర్థం కాలేదు. ఒక్కొక్కటే నొక్కి చూశాడు. డి కావాలంటే ఇ నొక్కాలి. ఇ కావాలంటే టోపీ జి నొక్కాలి. ఏ కావాలంటే యు. మసీదులో మధ్యాహ్నం నమాజుకి పిలిచేసరికి ‘డియర్ సర్’ అయింది. వెదాత్ గారిచ్చిన ఉత్తరంలో ఇంకా ఎండు అంజీర్ల బేరం గురించి రెండు పేజీలుంది. ఈ లెక్కన ఉత్తరం పూర్తయ్యేసరికి నిహాన్‌కి వేరేవాడితో పెళ్ళయి, మనవళ్ళు కూడా పుడతారు.

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. డంకన్‌కి ఇంగ్లండులో తన సొంతూరు హల్‌లో పడే వాన కనిపించింది. ఆ వానలో గొడుగు కింద తనొక్కడే. ఇంటికెళ్తే ఉడకబెట్టిన క్యాబేజీ. చచ్చేదాకా క్యాబేజీ.

“ఈ కీబోర్డులో ఏదో తేడా ఉందండీ,” అన్నాడు చివరికి.

“తేడానా?” వెదాత్ గారు పూసల దండ పక్కన పడేసి లేచారు. “ముప్పై ఏళ్ళుగా కొడుతున్నాను ఈ అక్షరాల మీద! లే. లేచి చూసి నేర్చుకో!”

ఆయన కూర్చున్నారు, కళ్ళు మూసుకున్నారు. పది వేళ్ళూ వడగళ్ళలా కురిశాయి. కళ్ళు తెరిచి చూస్తే తెర మీద ఒక్క మాటా ఏ దేశానిదీ కాదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే. ఆయన తన వేళ్ళను ఎవరివో పరాయివాళ్ళవి అన్నట్టు చూసుకున్నారు.

“బాబూ,” అన్నారు నీరసంగా. అల్లుడూ అనే వెటకారం కూడా పోయింది. “నా మూతి వంకరపోయిందా, చూడు. మా నాన్నకి పక్షవాతం ఇలాగే మొదలైంది.”

డంకన్ చూశాడు. వంకరపోయినట్టే ఉంది. తనవల్ల ఓ పెద్దమనిషి ప్రాణం కూడా పోతోంది.

అప్పుడే నిహాన్ ఉంగరాల డబ్బా తెరిచి చూసుకుంటూ లోపలికొచ్చింది. “అయిందా ఉత్తరం? బాబా, నువ్వెందుకు కూర్చున్నావ్ అక్కడ?”

“నా వేళ్ళు పోయాయమ్మా,” అన్నారు వెదాత్ గారు.

నిహాన్ తెర వైపు చూసి నవ్వేసింది. “అయ్యో బాబా, నీకేం కాలేదు! పొద్దున నువ్వు రాకముందే వచ్చి నేనే కంప్యూటర్ సెట్టింగుల్లో ఇంగ్లీషు కీబోర్డు పెట్టాను. మీటల మీద అక్షరాలు మనవే, లోపల మాత్రం వాళ్ళది. డంకన్ ఎలాగూ కిందికి చూడడు కదా, వాళ్ళ ఊళ్ళో కొట్టినట్టే టకటకా కొట్టేస్తాడని.”

వెదాత్ గారు పది వేళ్ళూ ఒకసారి ముడిచి, తెరిచి చూసుకున్నారు.

“అంటే చూడకుండా కొడితే అంతా సరిగ్గా పడేది,” అన్నారు వెదాత్ గారు.

“పడేది.”

“నువ్వు ముట్టుకోకుండా వదిలేసుంటే, చూసి కొట్టినా పడేది.”

“పడేదే. కానీ చూసి ఎవరు కొడతారు?”

ఇద్దరూ డంకన్ వైపు తిరిగారు.

“చూస్తాను,” అన్నాడు డంకన్, తల వంచుకుని. “ఎప్పుడూ చూసే కొడతాను. రెండు వేళ్ళతో.”

“ఇంకేమైనా మిగిలిందా?” అన్నారు వెదాత్ గారు.

ఇక దాచి లాభం లేదు. ఎలాగూ మునిగాడు, నిజం చెప్పే మునుగుదామనుకున్నాడు.

“నిన్న కాఫీ బాగుందన్నది కూడా అబద్ధమేనండీ. నిహాన్, అందులో నువ్వేం కలిపావో గానీ, మింగలేక చచ్చాను.”

ఉంగరాల డబ్బా మూత టప్పున మూసుకుంది.

“నేనేమీ కలపలేదు,” అంది నిహాన్.