పాత పగులు

“నాకు పరిహారం రూపాయి కూడా వద్దు, అన్నా. ఆయన తాగి జీపును బోల్తా కొట్టించినాడా, జీపే ఆయన్ని మోసం చేసిందా? అది చెప్పు చాలు.”

అమృతవల్లి కళ్లు తుడుచుకుంది. పూండి జలాశయం కట్ట మలుపులో జీపు పల్టీకొట్టి, భర్త ఆనంద్‌రాజ్ పోయి పదహారు రోజులైంది. తాగి నడిపాడని ఊరంతా తీర్మానించేసింది. మన జనానికి సాక్ష్యాలతో పనేముంది? బడిలో ‘తాగుబోతు కూతురు’ అన్నారని పిల్ల యశస్విని పుస్తకాల సంచి మూలకు విసిరేసింది. ఆనాటి నుంచి గడప దాటలేదు.

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపుల విషయంలో తిరుత్తణి మొత్తానికి మెకానిక్ సుందరరాజులు మాటే వేదం. ఆనంద్‌రాజ్ బండిని పదేళ్లుగా చూస్తున్నదీ ఆయనే.

“ఎల్లుండి రామ్మా. విప్పి చూస్తాను.”

స్టీరింగు చూశాడు, బాగుంది. బ్రేకులూ బాగున్నాయి. ఇక మిగిలింది వెనక యాక్సిల్. చక్రం ఊడదీసి, యాక్సిల్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, ఎండలో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత షెడ్డు వెనక పాత ఇనుము కుప్ప దగ్గరికి వెళ్లాడు.

చెప్పిన రోజుకి అమృతవల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సుందరరాజులు విరిగిన యాక్సిల్ ముక్క తెచ్చి పిల్ల చేతికే ఇచ్చాడు.

“చూడు పాపా. ఈ తుప్పు పట్టినంత మేరా పాత పగులు. తళతళమంటా ఉండేది మొన్న విరిగింది. మీ నాయన తప్పేమీ లేదు.”

“పాత పగులా?” అమృతవల్లి గొంతు మారింది. “నువ్వు చూడలేదా అన్నా?”

“చూసినాను. పోయిన ఆడికృత్తిక పండగకి బండి విప్పినప్పుడే చూసినాను. ఇంకొన్నాళ్లు నడుస్తాదిలే అని మూసేసినాను.”

“పాపీ! అన్నా అన్నా అని నమ్మితిమే, నా ఇల్లు కూల్చేసినావే!”

వంగి దోసెడు మట్టి తీసి ఆయన ముఖాన కొట్టింది. బజారు బజారంతా చూస్తుండగా నోరారా శపించింది. ఆయన మట్టి తుడుచుకోనైనా లేదు.

పిల్ల మాత్రం ఆ ఇనుప ముక్కను గుండెకు హత్తుకుని నిలబడింది. సోమవారం దాన్ని సంచిలో వేసుకుని మరీ బడికి వెళ్లిందట.

సుందరరాజులు షెడ్డుకు ఆ తర్వాత ఒక్క బండీ రాలేదు. పనిలేక, ఓ సాయంత్రం, ఆనంద్‌రాజ్ జీపు నుంచి తీసిన యాక్సిల్‌ను మంచం కింద నుంచి లాగి, తిరిగి ఆ జీపుకే బిగించాడు. దానికి వెంట్రుకంత పగులైనా లేదు.