కుడివైపు సీటు

"నవ్వకు రత్నాలూ, కేసు పోతుంది" అని చెవిలో గొణిగింది లాయరు గాయత్రి.

"ఏటి సెయ్యనమ్మా, ఆగట్నేదు" అంటూ రత్నాలు కొంగు నోట్లో కుక్కుకుని బోనెక్కింది.

నిజానికి నవ్వే సందర్భం కాదు. తొంభై ఎనిమిది చలికాలంలో లంబసింగి మలుపు దగ్గర సర్వీసు జీపు బోల్తా పడి ఆమె మొగుడు ఫల్గుణ కాలు నుజ్జయింది. చెట్లెక్కి మిరియాలు కోసే మనిషికి ఇప్పుడు గుమ్మం దిగాలన్నా కర్ర కావాలి. డ్రైవర్ కామేష్ ఆ రోజే పరారీ. జీపు నడిపింది ఫల్గుణే అని బీమా కంపెనీ వాదన. అదే నిలబడితే పరిహారం పైసా రాదు.

కంపెనీ లాయరు వరహాలరావు ఆ రోజు నర్సీపట్నం కోర్టుకు ఆలస్యంగా వచ్చాడు. వచ్చినప్పటి నుంచి కోటు కుడిచేతికి అంటిన ఎర్రదుమ్ము దులుపుకుంటూనే ఉన్నాడు.

"అయ్యా, తన తప్పుతో తానే దెబ్బ తిన్న డ్రైవరుకు పరిహారం లేదని ఈమధ్య తీర్పులే ఉన్నాయి. నేను ఊరికే అనడం లేదు. నిన్న స్వయంగా చింతపల్లి వెళ్లి, రాత్రి ఆ చలిలో అక్కడే పడుకుని మరీ ఆ మలుపు చూసొచ్చాను" అని జడ్జికి విన్నవించి, రత్నాలు వైపు తిరిగాడు.

"ఏమ్మా, జీపు ముందు వరసలో కుడివైపు చివర కూర్చున్నదెవరు?"

"మా మావే బాబూ."

గాయత్రి నుదురు పట్టుకుంది.

"స్టీరింగ్ ఉండేదీ కుడివైపే కదా?"

"మరే. దాని ముందర కామేషు కూకున్నాడు. ఆడికి కుడేపు మా మావ. సగం లోపల, సగం బైట. అందుకే కాలు నలిగిపోనాది."

వరహాలరావు పకపకా నవ్వాడు. "డ్రైవరుకు కుడిపక్క ఇంకో మనిషా! అక్కడుండేది తలుపమ్మా!"

"తలుపు ఎప్పుడో పీకేసినారు బాబూ. లోపల జాగా సాలొద్దూ?"

"బుద్ధున్నవాడెవడైనా అక్కడ కూర్చుంటాడా? చదువుకున్న మనిషిని ఒక్కణ్ణి, ఒక్కణ్ణి చూశావా?"

"సూసేను బాబూ."

"ఎప్పుడు?"

"ఈయేల పొద్దున్నే. బస్సు రానేదు కదా, మేవొచ్చిన జీపే ఎక్కినారు. మలుపు మలుపుకీ 'నెమ్మదిరా నాయనా' అని డ్రైవరు మెడ కావిలించుకున్నారు."

జడ్జి గారు రాయడం ఆపారు. "ఎవరమ్మా ఆయన?"

రత్నాలు నోట్లోంచి కొంగు తీసేసింది.

"ఈ వకీలు బాబేనండి."