నిప్పు చూపని కమ్మలు

“నిప్పు పెట్టొద్దు దేవేంద్రా. ఏదన్నా జిగురుతో అతికిచ్చు,” అన్నాడు తిమ్మప్ప.

దేవేంద్ర కమ్మను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఒంటిరాయి వజ్రపు కమ్మ. వెనక కాడ విరిగి ఉంది. హిందూపురంలో ముప్పై ఏళ్లుగా కంసాలి పని చేస్తున్నాడు. ఇలాంటి మాట ఇంతవరకు వినలేదు.

“బంగారాన్ని జిగురుతో అతికేది యాడన్నా ఉండాదా అన్నా? రెండు దినాల్లో ఊడిపోతాది. రాయి యాడో పడిపోతే పాపకేం చెప్తావు?”

పాప అంటే తిమ్మప్ప కూతురు మాధవి. ముందురోజే తల్లి రుక్మిణమ్మ సంవత్సరీకం అయింది. తల్లి కమ్మలు కూతురికి రావాలి. పెట్టెలోంచి తీసేటప్పటికి ఒకదాని కాడ విరిగి ఉంది. బాగుచేయించి పెట్టుకుంటానని మాధవే పట్టుబట్టి తండ్రిని బస్సెక్కించింది.

“వజ్రానికి నిప్పేం చేస్తాది నాయనా?” అంది మాధవి.

“నీకేం తెలుసు? ఊరికుండు.”

తిమ్మప్పకు తెలుసు. పదమూడేళ్ల కిందట బోరు వేయడానికి రుక్మిణమ్మ పుట్టింటి కమ్మలు అమ్మేశాడు. ఎనిమిది వందల అడుగులు తోడినా దుమ్మే లేచింది. “మళ్లీ చేయిస్తా. ఈసారి వజ్రాలవే,” అని బావమరుదుల ముందు అన్నాడు. మరుసటి ఏడు శెనక్కాయల డబ్బు తీసుకొని ఒక్కడే ధర్మవరం పోయాడు.

అక్కడి నగల అంగడివాడు దాచలేదు. “ఇవి వజ్రాలే, అబద్ధం లేదు. లోపల పగుళ్లుంటే గాజు నింపి కనపడకుండా చేసినారు. ధర సగమే. నిప్పు మాత్రం చూపించొద్దు, నింపింది పోయి పగుళ్లు బయటపడతాయి,” అన్నాడు. బిల్లు మీద కూడా అదే రాశాడు. ఆ బిల్లును తిమ్మప్ప పెనుకొండ బస్సులో చించి కిటికీలోంచి వదిలేశాడు.

“మచ్చ లేని రాళ్లు,” అని భార్యకు చెప్పాడు. “పొయ్యి కాడికి పెట్టుకొని పోవద్దు. మెరుపు పోతాది.”

రుక్మిణమ్మ ఎందుకని అడగలేదు. ఏళ్ల తరబడి పొయ్యి ముట్టించే ముందు కమ్మలు తీసి గూట్లో పెట్టేది. మంచాన పడే ముందు రెండేళ్లు తీయడం మానేసింది. ఒకసారి అడిగితే, “మర్చిపోతాండాలే,” అని నవ్వింది. వయసు మీద పడింది అనుకున్నాడు తిమ్మప్ప.

తిమ్మప్ప అబద్ధమాడడని ఊళ్లో పేరు. ఆ పేరు పన్నెండేళ్లుగా ఒక ఆడదాని రెండు చెవుల మీద నిలబడి ఉంది.

“సరే, ఎదురుగా కూర్చోండి,” అన్నాడు దేవేంద్ర. “సొత్తు ఎవరిదో వాళ్లు కండ్ల ముందర లేకుంటే నేను నిప్పు ముట్టించను. మా నాయన కాలం నుంచి అదే పద్ధతి.”

తిమ్మప్ప గోడ పట్టుకొని లేచాడు. “కండ్లు తిరుగుతాండాయి పాపా. సోడా తాగొస్తాం రా.”

“మరి పని?”

“దేవేంద్ర మీద మనకు నమ్మకం లేదా ఏమి? కానీయప్పా.”

దేవేంద్ర ఆయన ముఖంలోకి ఒక క్షణం చూశాడు. “నీ ఇష్టం అన్నా,” అన్నాడు.

ఎదుటి అంగట్లో మాధవి సోడా చేతికిచ్చింది. తిమ్మప్ప పట్టుకున్నాడే గానీ తాగలేదు.

“ఐదేళ్ల కిందట అమ్మ నీకు చెప్పకుండా బర్రెనమ్మిందని నెల దినాలు ఆమె చేతి కూడు తినలేదు నువ్వు,” అంది మాధవి. “ఆ దుడ్లు తిరపతి ముడుపు కట్టినానంటే కూడా నమ్మలేదు. ఇంట్లోనే దొంగ ఉండాదని ఊరంతా చెప్పినావు. అంత నిక్కచ్చి మనిషివి. సొత్తు ఇంకొకరి చేతిలో పెట్టి ఈడ నిలబడినావేంది?”

తిమ్మప్ప వినలేదు. అనాల్సిన మాటలు లోపల కూర్చుకుంటున్నాడు. పని దగ్గర ఎవరూ లేరు. కంసాలి మీద మాట పడితే జనం నమ్ముతారు.

తిరిగి వచ్చేసరికి దేవేంద్ర కమ్మను నీళ్లలో ముంచి గుడ్డలో తుడుస్తున్నాడు. రాయి గుడ్డ మడతలో ఉంది. తిమ్మప్ప మెట్టు మీది నుంచే అరిచాడు.

“మార్చినావు కదరా! మంచి రాయి తీసుకొని పగుళ్ల రాయి పెట్టినావు! నమ్మి ఇచ్చి పోతే ఇంత పని చేస్తావా?”

వీధి ఆగింది. గాజులమ్మే యల్లక్క బుట్ట కిందికి దించింది. “ఏమప్పా, దేవేంద్ర అట్లాంటోడు కాదే?”

“నీకేం తెలుసు? దుడ్లు పోసి కొన్నోన్ని నేను! మచ్చ లేని రాళ్లు అవి! దొంగ నా కొడుకు!”

దేవేంద్ర ముఖం నల్లబడింది. గుడ్డ మడత విప్పి కమ్మను మాధవి అరచేతిలో పెట్టాడు. మాధవి దాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. రాయి తళుక్కుమంది. లోపల ఒక్క గీత లేదు.

“పగుళ్లు యాడుండాయి నాయనా?”

తిమ్మప్ప కమ్మ అందుకొని తానూ వెలుతురుకు తిప్పాడు.

“చూడకముందే పగుళ్లుంటాయని నీకెట్ల తెలుసు?”

యల్లక్క బుట్ట ఎత్తుకుంది గానీ కదల్లేదు. కూతురు తన వైపు చూస్తున్న చూపు తిమ్మప్పకు కొత్త. రెండేళ్లు మంచాన ఉండి పోయిన రుక్మిణమ్మ కూడా ఆయన్ను ఏ రోజూ అట్లా చూడలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

“ఆ రాళ్లు నిప్పుకు ఆగవు,” అన్నాడు. “తెలిసే కొన్నా. ఎట్ల ఆగినాయి దేవేంద్రా? నిజంగా మార్చినావా?”

దేవేంద్ర పనిముట్లు సర్దుతూ, తల ఎత్తకుండా చెప్పాడు.

“వదిన బర్రెనమ్మి దుడ్లు తెచ్చిన దినమే మార్చినానన్నా.”