లోపలి గరుకు

తండ్రి లేచిన చోట కూతుర్ని నిలబెట్టి దానికి దయ అని పేరు పెట్టింది మీరే, ఫ్యాక్టరీ పెద్దలూ. 'మా దగ్గర పనిచేసినవాడి ఇంటిని మేం మర్చిపోం' అని గేటు మీద బోర్డు రాయించింది మీరే. రేపు పొద్దున ఆ బోర్డు కిందనుంచే ఒక పిల్ల లోపలికి వస్తుంది. ఈలోగా ఆ ఇంట్లో ఏం జరిగిందో వినండి.

మీ ఫ్యాక్టరీలో చేసేవి పిట్టగూళ్ళు. ఎక్కడివాళ్ళో తోటల్లో తగిలించుకోవడానికి కొనుక్కునే చెక్క గూళ్ళు. కొత్తగా చేరేవాళ్ళు ముందు ఫోర్‌మన్ ఎదుట ఒక గూడు చేత్తో చేసి చూపించాలి. నెగ్గితే ఆ పూటే మిషన్ మీదికి పంపుతారు. ఓడితే ఇంటికే. ఆ చోటు ఇంకెవరికో పోతుంది.

అందుకే ఆ మధ్యాహ్నం ఇల్లంతా నేల మీద కూర్చుంది. పాత అల్మారా తలుపు ఊడదీశారు. నాయనమ్మ వంకర మేకుల్ని రాతి మీద పెట్టి సాగగొడుతోంది. తల్లి దాని చెక్క పలక కదలకుండా కాలితో తొక్కిపట్టింది. కూతురు రంపం పట్టింది. తండ్రి గోడకు చేరగిలబడి చెబుతున్నాడు.

"రంపాన్ని నొక్కకు. దాని బరువుకి అదే దిగుతుంది."

"దిగట్లేదు నాన్నా. ఇది నీ రంపం. నా మాట వినదు."

"రంపాలు ఎవరి మాటా వినవు."

"వీడు పుట్టగానే ఏడవలేదే," అంది నాయనమ్మ మనవరాలితో. "మంత్రసానికి పని పురమాయించాడు. కూర్చుని పురమాయించడంలో వీడి తర్వాతే ఎవరైనా."

"అత్తయ్యా," అంది తల్లి మెల్లగా.

నాయనమ్మ నాలుక కరుచుకుంది. తర్వాతి దెబ్బ మేకు మీద గట్టిగా పడింది.

అతను నొచ్చుకోలేదు. నొచ్చుకోవడమనేది ఈమధ్య అతని దాకా రావడం మానేసింది. ముక్కు మీద ఈగ వాలినా అలాగే ఉండనిస్తున్నాడు. భార్య టీ తెచ్చింది. ఊదుతూ అతని పక్కనే కూర్చుంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. అందులో పంచదార ఉందో లేదో అడిగితే అతను చెప్పలేడు.

అతనికి పని నేర్పిన ముసలి వడ్రంగిది ఒకటే పట్టు. నేర్పేవాడు పనిముట్టు ముట్టకూడదు. ముట్టాడా, నేర్చుకునేవాడు జన్మంతా పక్కవాడి వంక చూస్తూనే ఉంటాడు. ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు ఆ మాట నిలబెట్టుకోలేక అతను గింజుకుపోయేవాడు. ఇప్పుడు గింజుకోవడం లేదు.

నునుపు చూడటం కూడా ఆ ముసలాయన నేర్పిందే. అరచేతికి కాయలు కాస్తాయి, అది అబద్ధం చెబుతుంది. చెంప చెప్పదు.

కూతురు పిట్ట దూరే కన్నం ఉన్న పలకకి గరుకు కాగితం పెట్టి రెండు వైపులా రుద్దింది. చెమటలు తుడుచుకుని, లోపలి వైపు తెచ్చి తండ్రి చెంపకి ఆనించింది.

"చూడు నాన్నా. ఇటువైపు కూడా అద్దంలా చేశాను."

నిజంగానే అద్దంలా ఉంది. కొంప ముంచే నునుపు. గూడు బయట నున్నగా ఉండాలి, లోపల గరుకుగా ఉండాలి. పిట్టపిల్ల ఆ గరుకులో గోళ్ళు దించుకునే కన్నం దాకా పాకుతుంది. పట్టు దొరక్కపోతే అడుగునే కొట్టుకుని చస్తుంది. ఫోర్‌మన్ ముందుగా కన్నంలోంచి వేలు పెట్టి చూసేది దాన్నే.

అతను పలక మీంచి చెంప తీశాడు.

చెప్పకపోతే రేపు పిల్ల ఓడిపోతుంది. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తుంది. చెబితే నెగ్గుతుంది.

"ఏంటి నాన్నా, బాలేదా?"

"బాగుంది."

భార్య అతని మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి.

"ఏదో దాస్తున్నావు," అంది. "దీన్ని పంపడం నీకూ ఇష్టం లేదు, నాకూ లేదు. ఈ పని కూడా పోతే పొయ్యి మీద నీళ్ళు కాచుకుని తాగాలి. వాళ్ళకేమో పడుచువాళ్ళే కావాలిట. ఎవరు వెళ్తారు మరి, నేనా, మీ అమ్మా?"

"వెళ్తాను, నాకేం," అంది నాయనమ్మ. "మేకులు సాగగొట్టే ఉద్యోగం ఉందేమో కనుక్కోండి."

కూతురు నవ్వింది. అతను నవ్వలేదు.  గడ్డంతో పలక వైపు చూపించాడు.

"పాడు చెయ్యి."

"ఏంటి?"

"లోపలి వైపు ఉలి మొనతో అడ్డంగా గీతలు పెట్టు. లోతుగా. పిట్టపిల్లకి కాలు ఆనాలి. లేకపోతే బయటికి రాలేదు."

"ఇంతసేపూ రుద్దిందంతా గంగపాలేనా?"

"గంగపాలే."

గొణుక్కుంటూ ఆ పిల్ల గీతలు పెట్టింది. మళ్ళీ తెచ్చి చెంపకి ఆనించింది. చెక్క గీరుకుని సన్నగా రక్తం కనబడింది. అతనికి మంట తెలిసింది. ఏదైనా తెలిసి చాలా కాలమైంది.

భార్య అరచేత్తో ఆ చెంప తుడిచింది. తర్వాత పలకలన్నీ నిలబెట్టి మేకులు దించారు. పైకప్పు వేశారు. ఎక్కడా సందు లేదు, వంకర లేదు.

"నెగ్గుతావు," అన్నాడు తండ్రి, గూడు వైపు చూడకుండా.

నెగ్గుతుంది. మీ ఫోర్‌మన్ భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకదు. అందుకే ఇక ఆగడానికి వీల్లేదు. రేపు పొద్దున ఆ పిల్ల స్విచ్చి వెయ్యకముందే, పని జోరుగా సాగాలని మీరు ఊడబీకించిన ఇనప మూతని, వాళ్ళ నాన్న రెండు చేతుల్నీ మణికట్ల దాకా మింగిన ఆ రంపం మిషన్‌కి తిరిగి బిగించండి.