మామగారి రెండు సెకన్లు

"సెకనులో వెయ్యో వంతు, మామయ్యగారూ! ప్రతి నీటిబొట్టూ విడివిడిగా పడుతుంది," అంటూ అల్లుడు కెమెరా మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే గాలి విసురుగా కొట్టింది.

అతను కెమెరా తెర చూశాడు. జలపాతం ముందు మామగారి విగ్గు, వెంట్రుక వెంట్రుకా తెలిసేలా, గాల్లో ఆగి ఉంది. అసలు విగ్గు అప్పటికే నీళ్లలో కొట్టుకుపోయింది.

"ఇది చెరిపేస్తానండీ. ఈసారి షటర్ రెండు సెకన్లు తెరిచి ఉంచుతాను. నీళ్లు పాలనురగలా వస్తాయి. మీరు తల ఊపుతూ ఉంటే బట్టతల కూడా మసకైపోతుంది."

మామగారు తెరలోకి తొంగిచూశారు.

"పన్నెండేళ్లుగా ఏ ఫొటోలో చూసినా నా చెయ్యొకటి నెత్తిమీదే ఉంటుందోయ్. ఇందులో రెండు చేతులూ హాయిగా గాల్లో ఉన్నాయి. చెరపకు."

ఆయన మళ్లీ వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని బండ మీద నిలబడ్డారు.

"ఇప్పుడు నెమ్మదిగానే తియ్యి. నేను తల కదపను."