పక్క సీటు బ్రేకు

"ఒక్క క్లెయిముకే ప్రీమియం ఇంత పెంచేస్తారా? ఇదేం న్యాయమయ్యా?" అంటూ డ్రైవింగ్ మాస్టారు ఇన్సూరెన్సు ఏజెంటు మీద విరుచుకుపడ్డాడు.

ఏజెంటుకు ఇలాంటి అరుపులు కొత్త కాదు. ఇన్నేళ్ళూ క్లెయిము లేదు కాబట్టి తగ్గింపు వచ్చిందని, పోయిన ఏడాది కారు గోడను గుద్దడంతో అది కాస్తా ఎగిరిపోయిందని నెమ్మదిగా విడమరిచి చెప్పాడు.

"ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినవాణ్ణి. నా చేతిలో బండికి ఎప్పుడైనా గీత పడిందా? గుద్దింది మా ఆవిడ" అన్నాడు మాస్టారు, పక్క కుర్చీలో ఉన్న భార్యను చూపిస్తూ.

అనేశాక మనసు చివుక్కుమంది. ఏడాదిగా ఆ మాట ఎన్నిచోట్ల అన్నాడో ఆయనకే గుర్తులేదు. బావమరిది దగ్గర అన్నాడు, పక్కింటివాళ్ళ దగ్గర అన్నాడు, తన డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్ళకైతే నవ్వుతూ మరీ చెప్పాడు. ఆమె ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి సొంత కారు స్టీరింగ్ మళ్ళీ ముట్టుకోలేదు కూడా.

ఏజెంటు ఓ ఉపాయం చెప్పాడు. పాలసీలో కారు నడిపేవాళ్ళ కింద మాస్టారి పేరు ఒక్కటే ఉంచి ఆవిడ పేరు కొట్టేస్తే ప్రీమియం కొంత తగ్గుతుందట. కాకపోతే ఇక ఆవిడ ఆ కారు నడపడానికి వీల్లేదు.

"కొట్టెయ్యమంటారా మేడమ్?"

"ఆయన ఇష్టం" అందామె మెల్లగా.

మాస్టారికి ఆనాటి సంగతి కళ్ళ ముందు మెదిలింది. ఆమె నడుపుతోంది, ఆయన పక్కన కూర్చున్నాడు. మలుపులో గోడ దగ్గరపడగానే ఆమె సరిగ్గానే బ్రేకు మీద కాలు వేసింది. "కాలు తీసెయ్, బ్రేకు నేను వేస్తున్నాగా" అని అరిచింది ఆయనే. స్కూల్లో పొద్దస్తమానం అనే మాటే అది. నేర్పే కార్లో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది మరి. సొంత కార్లో ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె ఆయన మాట నమ్మి కాలు తీసింది. ఆయన కాలేమో ఒట్టి నేలను తొక్కింది. కారు వెళ్ళి గోడను గుద్దుకుంది.

ఆ తర్వాత చేసింది అంతకన్నా సిగ్గుమాలిన పని. తానలా అననేలేదని, ఆమే కంగారులో ఏదో విందని బుకాయించాడు. లేని బ్రేకు తొక్కిన మాస్టారి దగ్గర ఎవరు నేర్చుకుంటారని భయం. తన పేరు కాపాడుకోవడానికి పెళ్ళాం పేరు బజారున పడేశాడు. ఇప్పుడు ఆ పేరు పాలసీలోంచి కూడా కొట్టేయించబోతున్నాడు.

"ఆవిడ పేరు కొట్టెయ్యకు" అన్నాడు. తలెత్తకుండా, బల్ల అంచును చూస్తూ, జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పేశాడు. చెవులు వేడెక్కాయి. ఏజెంటు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. ఆ గదిలోంచి ఎలా బయటపడాలో మాస్టారికి తోచలేదు. భార్య వైపు తిరిగాడు.

"తప్పంతా నాదే. రేపట్నుంచి మళ్ళీ బండి తియ్యి. పక్కన కూర్చుని నేనే నేర్పిస్తాను."

ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. కోపం లేదు, జాలిగానే చూసింది. తర్వాత కారు తాళాల కోసం చెయ్యి చాపింది.

"అక్కర్లేదండీ. స్టేషను దగ్గర మీకు పోటీగా పెట్టిన స్కూల్లో మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాను, సోమవారం నుంచి అక్కడ మాస్టారమ్మను నేనే."